టీకాలో విషం ఉంటుందా? నెల్లూరు స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. ఈ పూట మనతో టీకాల పరిశోధకురాలు, పిల్లల డాక్టర్, కావలి వైపు పనిచేసే ఏఎన్ఎం ఉన్నారు. అమ్మా, ముందు మీరు చెప్పండి.

ఏఎన్ఎం: పోయిన బుధవారం అయిదు జబ్బులను ఆపే పెంటావాలెంట్ సూది సిద్ధం చేస్తుంటే ఒక తల్లి బిడ్డను చప్పున గుండెకు హత్తుకుంది. "ధనుర్వాతం విషంతో చేస్తారంట గదా, ఆరు వారాల పసిగుడ్డుకి ఎట్టా వేయించేది?" అంది. నాకు జవాబు తోచలేదు.

పరిశోధకురాలు: ఆమె అడిగింది న్యాయమే. దాచకుండా చెప్పాలి. అందులో హిబ్ అనే బాక్టీరియాను ఆపే టీకానే తీసుకోండి. ఆ బాక్టీరియా చుట్టూ చక్కెర గొలుసుల తొడుగు ఉంటుంది...

ఏఎన్ఎం: చక్కెరంటే షుగర్ జబ్బు వస్తుందా అంటారు మేడం!

పరిశోధకురాలు: దానికీ దీనికీ సంబంధం లేదు. పాలీశాకరైడ్ అందాం.

డాక్టర్: రెండేళ్లలోపు పిల్లల ఒళ్లు ఆ తొడుగును సరిగ్గా గుర్తుపట్టదు. హిబ్ మెదడు పొరల వాపు ఎక్కువగా వచ్చేదేమో ఆ వయసులోనే. 1985లో అమెరికాలో వచ్చిన తొలి హిబ్ టీకా ఉత్త పాలీశాకరైడ్. పసిపిల్లలకు అక్కరకు రాలేదు.

పరిశోధకురాలు: అందుకే దాన్ని ఒక ప్రోటీన్‌కు అతికిస్తాం. ఆ ప్రోటీన్‌ను తరచూ బాక్టీరియా విషం నుంచే తీసుకుంటాం. ఏవరీ, గోబెల్ అనే శాస్త్రవేత్తలు 1931 నాటికే కుందేళ్లలో ఇది చూపించారు. ఒంట్లో రోగాలతో పోరాడే కణాల్లో బీ, టీ అని రకాలున్నాయి. బీ కణం పాలీశాకరైడ్‌ను పట్టుకుని, అతికిన ప్రోటీన్‌తో సహా మింగి, ఆ ప్రోటీన్ ముక్కలను టీ కణానికి చూపిస్తుంది. టీ కణం సాయం అందితేనే జ్ఞాపకం నిలుస్తుంది.

యాంకర్: ఆ ప్రోటీన్ విషానిదే ఎందుకు?

పరిశోధకురాలు: టీ కణాలు దాన్ని బాగా గుర్తిస్తాయి కాబట్టి. ధనుర్వాతం విషానికి ఫార్మాలిన్ అనే రసాయనంతో విషగుణం పోగొట్టి వాడటం పాత పద్ధతి. మంచిదే. కానీ పాలీశాకరైడ్‌ను తగిలించాల్సిన కొక్కేలకే, అంటే ప్రోటీన్‌లోని లైసిన్ అనే భాగాలకే, ఫార్మాలిన్ కూడా అతుక్కుంటుంది. సీఆర్ఎం197 అనే ఇంకో ప్రోటీన్‌కు ఆ బాధ లేదు. అది డిఫ్తీరియా విషమే, గొలుసులో పూసల్లా ఉండే 535 అమైనో ఆమ్లాల్లో 52వది మాత్రం మారింది. గ్లైసిన్ ఉండాల్సిన చోట గ్లుటామిక్ ఆమ్లం. ఆ ఒక్క మార్పుతో విషగుణం పోయింది! హైదరాబాద్ బయొలాజికల్ ఇ వాళ్ల టైఫాయిడ్ టీకాలో ఉన్నది ఇదే. ఇక ధనుర్వాతం విషంలో నరాన్ని అంటుకునే తోక భాగం, ఫ్రాగ్మెంట్ సి, ఉంది. చంపే భాగం వేరే గొలుసులో ఉంటుంది. ఈ తోకను మాత్రమే ఈ.కోలై అనే బాక్టీరియాలో తయారుచేసి వాహకంగా, అంటే పాలీశాకరైడ్‌ను అతికించే ప్రోటీన్‌గా, పరీక్షిస్తున్నారు.

డాక్టర్: ఒక జాగ్రత్త. అన్ని టీకాలకూ ఒకే వాహకం వాడితే, ఒక్కోసారి ఒళ్లు వాహకం మీదే పడి పాలీశాకరైడ్‌ను పట్టించుకోదు. కొత్త ముక్కల కోసం వెతుకులాట అందుకే.

ఏఎన్ఎం: అయితే కోరలు పీకిన పాము అని చెప్పనా?

పరిశోధకురాలు: ఫార్మాలిన్‌తో విషగుణం పోగొట్టినదానికి ఆ మాట సరిపోతుంది. ముక్కైతే కుబుసమే అనుకోండి. కాటు వేయలేదు, పరాయిదని మాత్రం ఒంటికి తెలుస్తుంది.

ఏఎన్ఎం: ఆ బిడ్డ కార్డులో మొదటి డోసు గడి ఇంకా ఖాళీగానే ఉంది. వచ్చే బుధవారం దాకా ఆగను, రేపే వాళ్లింటికి పోతాను.