స్మార్ట్‌వాచ్‌తో నిద్రను కొలుచుకోవడం: ఏ అంకెను నమ్మాలి, దానితో ఏం చేయాలి

నమస్కారం. స్మార్ట్‌వాచ్, ఫిట్‌నెస్ బ్యాండ్, స్మార్ట్ ఉంగరం, వీటిలో ఏదో ఒకటి మీ దగ్గర ఇప్పటికే ఉండి, తెల్లవారగానే అది చూపించే నిద్ర స్కోరుతో ఏం చేయాలో తెలియక వదిలేస్తున్న వారి కోసం ఈ వీడియో చేస్తున్నాను. కొత్తగా ఏది కొనాలో ఇందులో చెప్పడం లేదు. ఉన్న పరికరంతోనే మన నిద్రను ఎలా బాగుచేసుకోవచ్చో, హైదరాబాద్‌లో మనం బతికే తీరును దృష్టిలో పెట్టుకుని, ఒక్కొక్కటిగా చేసి చూపిస్తాను.

ముందుగా వాచ్‌ను వెనక్కి తిప్పి చూపిస్తున్నాను, గమనించండి. అడుగున మెరుస్తున్న ఆకుపచ్చ కాంతి చర్మం కింది రక్తనాళాల దాకా వెళుతుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ అక్కడ రక్తం పెరిగి తగ్గుతుంది కాబట్టి, తిరిగి వచ్చే కాంతిలోనూ ఆ హెచ్చుతగ్గులు కనిపిస్తాయి. వాటిని లెక్కగట్టి వాచ్ గుండె వేగాన్ని చెబుతుంది. లోపల ఉన్న యాక్సిలరోమీటర్ చేతి కదలికలను నమోదు చేస్తుంది. కొన్ని వాచ్‌లలో ఎరుపు, పరారుణ కాంతులు కూడా ఉండి, రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో అంచనా వేస్తాయి. మణికట్టు దగ్గర వాచ్‌కు దొరికే సమాచారం ప్రధానంగా ఇదే.

నిద్ర దశలను నిర్ధారించడానికి మాత్రం మెదడు తరంగాలు కావాలి. నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే దశ ఒకటి ఉందని చికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ 1953లో ప్రకటించారు. మనం రెమ్ నిద్ర అంటున్నది దానినే. ఆసుపత్రిలో చేసే పాలీసామ్నోగ్రఫీ పరీక్షలో తలకు, కళ్ల పక్కన, గడ్డం మీద ఎలక్ట్రోడ్లు అతికించి, ముక్కు దగ్గర గాలి ప్రవాహాన్ని, ఛాతీ, పొట్ట కదలికలను రాత్రంతా నమోదు చేస్తారు. వాచ్‌కు ఇవేవీ అందవు. గుండె వేగం, కదలికల తీరును బట్టి ఇది గాఢనిద్ర అయి ఉండవచ్చు, ఇది రెమ్ అయి ఉండవచ్చు అని అది ఊహిస్తుంది. అందువల్ల నిద్రపోయిన మొత్తం సమయం చాలామందికి వాస్తవానికి దగ్గరగానే వస్తుంది కానీ, దశల విభజనలో తప్పులు ఎక్కువగా ఉంటాయి. నిద్ర పట్టకపోయినా కదలకుండా పడుకుని ఉన్నవారిని వాచ్ చాలాసార్లు నిద్రపోతున్నట్టే లెక్కిస్తుంది. ఇంట్లో పెద్దవారు రాత్రంతా నిద్రే లేదని చెబుతుంటే, వాచ్‌లో ఆరు గంటలు కనిపిస్తున్నదని వారి మాటను కొట్టిపారేయవద్దు. ఆ సందర్భంలో వారి మాటకే ఎక్కువ విలువ ఇవ్వాలి.

ఇప్పుడు అమరిక. వాచ్‌ను మణికట్టు ఎముక మీద కాకుండా, దానికి ఒక వేలి వెడల్పు పైన, జారకుండా, అలాగని చర్మం మీద గాడి పడకుండా కట్టుకోండి. అడుగు భాగంలో చెమట, నూనె పేరుకుంటే కాంతి సరిగా అందదు కాబట్టి తరచూ మెత్తని గుడ్డతో తుడవండి. యాప్‌లో వయసు, ఎత్తు, బరువు సరిగా నింపి, వాచ్‌ను ఏ చేతికి కట్టుకుంటున్నారో కూడా నమోదు చేయండి. స్లీప్ మోడ్ ఆన్ చేస్తే రాత్రి సందేశాలు రావు, చెయ్యి కదిపిన ప్రతిసారీ తెర వెలగదు. ఛార్జింగ్ విషయానికి వస్తే, రాత్రి భోజనం సమయంలో పెట్టే అలవాటు చేసుకుంటే పడుకునే వేళకు వాచ్ సిద్ధంగా ఉంటుంది. వాచ్ లేకుండా, పరుపు మీద ఫోన్ పెట్టి కదలికలను కొలిచే యాప్‌లు వాడేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. అదే పరుపు మీద భర్తో, భార్యో, పిల్లలో పడుకుంటే, వారి కదలికలు కూడా మీ లెక్కలోనే పడతాయి. ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్‌ను దిండు కింద పెట్టడం మాత్రం ప్రమాదకరం, ఆ పని ఎన్నడూ చేయకండి.

అమరిక పూర్తయిన తర్వాత రెండు వారాల పాటు మీ అలవాట్లలో దేనినీ మార్చవద్దు. ఈ వీడియోలో నేను అన్నిటికన్నా ఎక్కువగా పట్టుబట్టే విషయం ఇదే. మామూలు రోజుల్లో మీ నిద్ర ఎలా ఉందో తెలియనిదే, మార్పు వల్ల మేలు జరిగిందో లేదో తెలుసుకునే దారి లేదు. ఈ రెండు వారాలూ మంచం పక్కన ఒక చిన్న నోటుపుస్తకం ఉంచుకోండి. లేచిన వెంటనే, యాప్ తెరవక ముందే, ఎన్ని గంటలకు పడుకున్నారు, సుమారుగా ఎప్పుడు నిద్ర పట్టింది, మధ్యలో మెలకువ వచ్చిందా, ముందురోజు చివరి చాయ్ ఎన్నింటికి తాగారు, లేచాక ఒంట్లో హుషారు 5కి ఎంత అన్నవి రాయండి.

యాప్ తెరవక ముందే రాయమనడానికి కారణం ఉంది. 2014లో కొలరాడో కాలేజీ పరిశోధకులు కొందరికి రాత్రి రెమ్ నిద్ర బాగా పట్టిందని, మరికొందరికి సరిగా పట్టలేదని, వారి అసలు నిద్రతో సంబంధం లేకుండా చెప్పి, ఆ తర్వాత ఏకాగ్రత పరీక్ష పెట్టారు. బాగా నిద్రపోయారని విన్నవారు మెరుగ్గా చేశారు, సరిగా పోలేదని విన్నవారు వెనకబడ్డారు. ఉదయాన్నే తక్కువ స్కోరు చూస్తే ఆ రోజంతా నీరసంగా అనిపించే అవకాశం మనకూ ఉంది. మీ ఒళ్లు చెప్పేది ముందు కాగితం మీదకు రావాలి, యాప్ చెప్పేది ఆ తర్వాత చూడవచ్చు.

రెండు వారాలు గడిచాక యాప్‌లో వారపు సగటు ఉన్న పేజీ తెరవండి. నిద్రపోయిన వేళ, లేచిన వేళ, మొత్తం నిద్ర, నిద్రలో గుండె వేగం, ఈ నాలుగింటినే నేను చూస్తాను. గాఢనిద్ర నిన్న 40 నిమిషాలు, ఇవాళ 70 నిమిషాలు అన్న తేడాకు ఏ అర్థమూ వెతకవద్దు. నిద్ర స్కోరు కూడా ఒక్కో కంపెనీ ఒక్కో సూత్రంతో వేసేదే కాబట్టి, మీ 78ని పక్కింటివారి 85తో పోల్చడం వల్ల ప్రయోజనం లేదు. పెద్దలకు రాత్రికి కనీసం 7 గంటల నిద్ర ఉండాలని అమెరికాలోని రెండు నిద్ర వైద్య, పరిశోధన సంఘాలు 2015లో కలిసి సిఫారసు చేశాయి. మరో లెక్క కూడా చేయండి. మంచం మీద గడిపిన సమయంలో నిద్రపోయింది ఎంత శాతమో చూడండి. మంచం మీద 480 నిమిషాలు ఉండి 390 నిమిషాలు నిద్రపోతే 81 శాతం వస్తుంది. సాధారణంగా 85 శాతం, ఆపైన ఉంటే మంచిదిగా భావిస్తారు.

ఇక మార్పులు మొదలుపెడదాం. ఒకసారికి ఒక్కటే మార్చి, కనీసం రెండు వారాలు పాటించి, పాత సగటుతో పోల్చండి. అన్నిటికన్నా ముందు లేచే వేళను స్థిరపరచమని నా సలహా. మాదాపూర్, గచ్చిబౌలి వైపు పనిచేసే చాలామందికి రాత్రి పదిన్నర దాకా అమెరికా కాల్స్ ఉంటాయి, పడుకునే వేళ వారి చేతుల్లో ఉండదు. లేచే వేళ మాత్రం చాలావరకు ఉంటుంది. ఆదివారంతో సహా ఒకే వేళకు లేచి, ఆ వెంటనే బాల్కనీలోనో, డాబా మీదనో, దగ్గరి పార్కులోనో కాసేపు పగటి వెలుగులో ఉంటే, శరీర గడియారం కుదురుకుంటుంది, రాత్రి నిద్ర కూడా వేళకు వస్తుంది.

తర్వాత చాయ్. మన ఊళ్లో సాయంత్రం ఇరానీ చాయ్ మానుకోమంటే ఎవరూ ఒప్పుకోరు, మానుకోవలసిన అవసరం కూడా అందరికీ ఉండదు. కెఫీన్ శరీరంలో సగానికి తగ్గడానికి సగటున 5 గంటలు పడుతుంది. కొందరిలో ఇంతకన్నా చాలా ఎక్కువసేపు పడుతుంది. ఆరింటికి తాగిన దానిలో సగం పదకొండింటికి ఇంకా ఒంట్లోనే ఉంటుందన్న మాట. పడుకోవడానికి 6 గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నవారి నిద్ర గంటకు పైగా తగ్గినట్టు 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనం తెలిపింది. ఒక చిన్న కప్పు చాయ్‌లో అంత ఉండదు కానీ, ఆఫీసులో మూడు, వచ్చేదారిలో ఒకటి, ఇంటికొచ్చాక మరొకటి అయితే లెక్క మారిపోతుంది. చివరి కప్పును నాలుగింటి లోపుకు జరిపి, నిద్ర పట్టే వేళ ఏమైనా ముందుకు వచ్చిందేమో నోటుపుస్తకంలో చూడండి.

ఏప్రిల్, మే నెలల్లో పై అంతస్తులో ఉండేవారికి పగలంతా కాగిన స్లాబు రాత్రి కూడా వేడిని వదులుతూనే ఉంటుంది. నిద్రలోకి జారడానికి శరీరం లోపలి ఉష్ణోగ్రత కొంత తగ్గాలి, వేడి గదిలో అది కష్టమవుతుంది. గది ఉష్ణోగ్రత, తేమ చూపించే చిన్న డిజిటల్ పరికరం ఒకటి పెట్టుకుంటే, ఏ రాత్రి ఎంత వేడిగా ఉందో, ఆ రాత్రి గుండె వేగం ఎంత ఉందో పక్కపక్కన రాసి చూసుకోవచ్చు. ఏసీని 18లో పెట్టి తెల్లవారుజామున చలికి లేచేకన్నా, 24 నుంచి 26 మధ్య ఉంచి, ఫ్యాన్ మెల్లగా తిరగనిస్తే చాలామందికి హాయిగా ఉంటుంది. శబ్దం సంగతి కూడా ఒక మాట. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా పరిమితి 45 డెసిబెల్స్. ఫోన్‌లోని యాప్‌తో సుమారుగా కొలిచి, బారాత్ బ్యాండు, లారీల హోరు దానికి మించి వినిపిస్తుంటే, ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ వాడి తేడా గమనించండి.

రాత్రి షిఫ్టు చేసేవారికి వేరే అమరిక కావాలి. తెల్లవారుజామున క్యాబ్‌లో ఇంటికి చేరి పగలు పడుకుంటే, కొన్ని యాప్‌లు దానిని కునుకుగా లెక్కిస్తాయి, లేదా రెండు ముక్కలుగా చూపిస్తాయి. స్లీప్ షెడ్యూల్‌లో మీ అసలు పడక వేళలను ఇచ్చి, ముక్కలైన నిద్రను నోటుపుస్తకంలో మీరే కూడండి. తెల్లారాక ఇంటికి వచ్చేవారు దారిలో నల్ల కళ్లద్దాలు పెట్టుకోవడం, పడకగది కిటికీకి మందపాటి తెర వేయడం మేలు చేస్తాయి. బండి నడుపుతున్నప్పుడు మాత్రం ఆ అద్దాలు వద్దు.

సుమారు ఇరవై నిమిషాలు గడిచినా నిద్ర పట్టలేదనిపిస్తే మంచం దిగి, మసక వెలుతురులో కూర్చుని, నిద్ర ముంచుకొచ్చినప్పుడే తిరిగి పడుకోండి. ఆ ఇరవై నిమిషాలను వాచ్‌లో చూసుకోవద్దు, అంచనా చాలు. నెలల తరబడి నిద్రలేమి ఉన్నవారికి మందులకన్నా ముందు సీబీటీ-ఐ అనే ప్రవర్తనా చికిత్స ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. నిద్ర అంకెల మీద ఆందోళనతోనే నిద్ర చెడగొట్టుకునే స్థితికి పరిశోధకులు 2017లో ఆర్థోసామ్నియా అని పేరు పెట్టారు. స్కోరు చూడాలంటేనే గుండె దడదడలాడుతుంటే, కొన్ని వారాలు వాచ్ తీసేసి నోటుపుస్తకం ఒక్కటే కొనసాగించండి.

చివరిది, చాలా ముఖ్యమైనది. పెద్ద గురక, గురక మధ్యలో ఊపిరి ఆగినట్టు ఇంట్లోవారు గమనించడం, ఎనిమిది గంటలు పడుకున్నా పగలు కళ్లు మూతపడడం, అదుపులోకి రాని బీపీ, వీటిలో ఏది ఉన్నా స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి పదేపదే ఆగిపోయే సమస్య, ఉందేమో పరీక్ష చేయించుకోవాలి. దీనికి సంబంధించిన హెచ్చరికలిచ్చే సదుపాయానికి సామ్‌సంగ్, ఆపిల్ వాచ్‌లకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024లో అనుమతి ఇచ్చింది. ఆ హెచ్చరిక రోగ నిర్ధారణ కాదు, హెచ్చరిక రాలేదు కదా అని నిశ్చింతగా ఉండడమూ తగదు. ఊపిరితిత్తుల నిపుణుడినో, ఈఎన్‌టీ వైద్యుడినో కలిస్తే ఆసుపత్రిలో గాని, ఇంట్లో గాని రాత్రి పరీక్ష ఏర్పాటు చేస్తారు. గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగిందో, తగ్గిందో అందులో లెక్కిస్తారు. పెద్దలలో 15 నుంచి మధ్యస్థంగా, 30 నుంచి తీవ్రంగా పరిగణిస్తారు. వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు యాప్‌లోని నెల నివేదికను, నోటుపుస్తకాన్ని, ఫోన్‌లో రికార్డు చేసిన గురకను తీసుకువెళ్లండి. మీ పక్కన పడుకునేవారిని కూడా వెంట రమ్మనండి, ఎందుకంటే ఊపిరి ఆగిందా అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగేది వారే. పరీక్ష పూర్తయి చికిత్స మొదలయ్యే దాకా, పగలు కునుకు వస్తున్నవారు ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు నడపకండి.