పిల్లల చేతికి పిపెట్ ఇవ్వండి

ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు, సెలవు రోజైనా వచ్చి ముందు వరసల్లో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

సైంటిస్ట్ అవుతానని చెప్పే పిల్లలు ప్రతి స్కూల్లోనూ ఉంటారు. ఆ సైంటిస్ట్ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏం పని చేస్తారో చూసినవాళ్లు మాత్రం తక్కువ. ఇంటర్‌కు వచ్చాక ల్యాబ్ అంటే ప్రాక్టికల్స్, ప్రాక్టికల్స్ అంటే ముప్పై మార్కులు. చాలాచోట్ల రికార్డు సీనియర్లది చూసి దించేస్తారు. రీడింగ్ ఎంత రావాలో ముందే తెలుసు కాబట్టి అంతే వస్తుంది. నాకు బాధ కలిగించేది ఇదే.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు హబ్సిగూడలో జీవకణాలపై పరిశోధన చేసే సీసీఎంబీ, భూమిపై పరిశోధన చేసే ఎన్జీఆర్ఐ, తార్నాకలో రసాయనాలపై పరిశోధన చేసే ఐఐసీటీ ఉన్నాయి. ఇవన్నీ సీఎస్ఐఆర్ అనే జాతీయ పరిశోధన మండలికి చెందినవి. సెప్టెంబరు 26న దాని వ్యవస్థాపక దినోత్సవం. ఆ సమయంలో ఇలాంటి సంస్థలు విద్యార్థులను లోపలికి రానిస్తాయి. సీఎస్ఐఆర్, కేంద్రీయ విద్యాలయ సంగఠన్ కలిసి 2017లో విద్యార్థులను శాస్త్రవేత్తలతో కలిపే 'జిజ్ఞాస' కార్యక్రమం కూడా మొదలుపెట్టాయి. తప్పక తీసుకెళ్లండి. అయితే వరసలో నడుస్తూ అద్దం అవతలి మెషీన్‌ని చూసి రావడం వేరు, స్టూలు మీద కూర్చుని పని చేయడం వేరు. కనీసం ఒక వారం ఆ రెండోది దొరకాలి.

మొదటి రోజు పెద్ద ప్రయోగాలేమీ వద్దు. కొద్దిపాటి ద్రవాన్ని కొలిచి తీసే మైక్రోపిపెట్‌తో వంద మైక్రోలీటర్ల (మిల్లీలీటరులో పదో వంతు) నీళ్లు తీసి, బ్యాలెన్స్ మీదున్న చిన్న గిన్నెలో వదలమనండి. 0.1 గ్రాము చూపించాలి. ఒకసారి 0.092 వస్తుంది, ఇంకోసారి 0.107. ఎందుకు? బొటనవేలితో మొదటి ఆపు దాకా నొక్కి, టిప్‌ను నీళ్లలో ముంచి, వేలిని నెమ్మదిగా వదలాలి. టక్కున వదిలితే గాలి దూరుతుంది. గిన్నెలో వదిలేటప్పుడు రెండో ఆపు దాకా నొక్కకపోతే చివరి బొట్టు టిప్‌లోనే ఉండిపోతుంది. వచ్చిన ప్రతి అంకెనూ పెన్నుతో నోట్‌బుక్‌లో రాయాలి. తప్పు రాస్తే ఒక్క గీతే కొట్టాలి, కింది అంకె కనబడుతూ ఉండాలి. రికార్డు దించడానికి అలవాటుపడ్డ చేతికి ఇది కొత్త చదువు.

తర్వాత డీఎన్ఏ ముక్కలను సైజు ప్రకారం వేరుచేసే జెల్ నడపనివ్వండి. డీఎన్ఏకు రుణావేశం ఉంటుంది కాబట్టి కరెంటు ఇస్తే పాజిటివ్ వైపు కదులుతుంది, చిన్న ముక్కలు ముందుకెళ్తాయి. వైర్లు తారుమారైతే వెనక్కి నడిచి జెల్ దాటి చుట్టూ ఉన్న ద్రవం, అంటే బఫర్‌లో కలిసిపోతుంది. ఖాళీ జెల్ చూసి పిల్ల మొహం చిన్నబోతుంది. అప్పుడు జవాబు మీరు చెప్పకండి, ఎక్కడ తేడా వచ్చిందో తననే వెతకనివ్వండి. డీఎన్ఏ కనబడేలా చేసే ఇథీడియం బ్రోమైడ్ లాంటి హానికర రంగులు మాత్రం పిల్లలకు ఇవ్వకూడదు. కాళ్లకు బూట్లుండాలి, జడ ముడి వేసుకోవాలి. ఇందులో మొహమాటం లేదు.

నాలుగో రోజుకే ఒకరికి విసుగొచ్చి, ఈ పని నాకొద్దంటే తిట్టకండి. పీహెచ్‌డీలో మూడేళ్లు గడిపాక తెలియడం కంటే పదో తరగతి సెలవుల్లో తెలియడం ఎంతో నయం.

జిల్లాల్లో ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. స్వర్ణ వరి పుట్టింది పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రంలో. భూసార పరీక్ష కేంద్రం, వెన్న శాతం చూసే పాల డెయిరీ, ఆసుపత్రి ల్యాబ్ కూడా ల్యాబులే. హెడ్మాస్టర్లు ఈ వేసవికి ముందే అక్కడికో ఉత్తరం రాయండి. ఈ హాల్లో ల్యాబ్ నడిపేవాళ్లెవరైనా ఉంటే, మే నెలలో ఒక వారం, ఇద్దరు పిల్లలకు ఒక బల్ల, ఒక పిపెట్ ఇవ్వగలరేమో వెళ్లేముందు నాతో చెప్పండి.