అంచు చూసి పట్టే వెండి

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినవాళ్లు ‘మీ హాబీ గురించి ఓ పావుగంట చెప్పండి’ అన్నారు. మా ఆవిడ దీన్ని హాబీ అనదు, చిల్లర వేషాలంటుంది. ఒకరకంగా ఆవిడ మాటే కరెక్టు. బ్యాంకుకెళ్లి నోట్లిచ్చి చిల్లర తెచ్చుకోవడం, అందులో పాత వెండి నాణెం ఉందేమోనని ఒక్కోటీ చూడటం, అక్కర్లేనివి మళ్లీ బ్యాంకులో వేసేయడం. నా వేషాలన్నీ ఇవే.

ఈ అమెరికా దేశంలో డైమ్ (పది సెంట్లు), క్వార్టర్ (పాతిక సెంట్లు), హాఫ్ డాలర్ (యాభై సెంట్లు) నాణేలు 1964 వరకూ 90 శాతం వెండి. వెండి ధర పెరుగుతూ పోయి, నాణెం విలువ కంటే అందులోని లోహం విలువ ఎక్కువయ్యే రోజు దగ్గరపడింది. మార్కెట్లో చిల్లర కూడా కరువైంది. 1965 జూలై 23న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కొత్త నాణేల చట్టం మీద సంతకం పెట్టారు. డైమ్‌లో, క్వార్టర్‌లో వెండి పూర్తిగా పోయింది. హాఫ్ డాలర్‌లో మాత్రం 40 శాతానికి తగ్గించి 1970 వరకూ ఉంచారు. తేడా తెలిసినవాళ్లు వెండివి దాచుకుని కొత్తవి ఖర్చుపెట్టారు. అయినా ఇంకా అక్కడక్కడా తగులుతున్నాయంటే, తెలియనివాళ్ల చలవే. తాతగారి సీసాలో చిల్లర మనవడు తెచ్చి బ్యాంకులో పోస్తాడు. ఆ సీసా కోసమే మా కాపలా.

అందుకే వెండి ఒంటరిగా రావడం తక్కువ. ఒక వెండి డైమ్ దొరికిందంటే బ్యాంకు ఇచ్చిన ఆ నాణేల బాక్సులో మిగతావి ఇంకాస్త ఓపిగ్గా చూస్తాను. ఎవరో చేత్తో కాగితంలో చుట్టిన నాణేల రోల్ కనిపిస్తే ముందు దాన్నే విప్పుతాను. మెషీన్ చుట్టినవాటి కంటే వాటి మీదే నాకు ఆశ ఎక్కువ.

ఎలా చూడాలి? కొత్తవాళ్లు బొమ్మ, సంవత్సరం చూస్తూ కూర్చుంటారు. క్వార్టర్ల బాక్సంటే 500 డాలర్లు, అంటే 2000 నాణేలు, 11 కిలోల పైమాటే. అన్ని సంవత్సరాలు చదివేసరికి కళ్లు బైర్లు కమ్ముతాయి. నాణెం మొహం చూడకండి, అంచు చూడండి. రోల్ విప్పి, 40 క్వార్టర్లనీ చెదరకుండా బల్ల మీద పడుకోబెట్టండి. ఇప్పటి క్వార్టర్‌కి లోపల రాగి, పైనా కిందా రాగి-నికెల్ రేకు. కాబట్టి అంచు మధ్యలో గోధుమరంగు గీత కనిపిస్తుంది. నలభై గీతలు వరసగా, ఇటుకల మధ్య సున్నం గీతల్లా. ఆ వరసలో ఒకచోట గీత ఉండదు, తెల్లగా ఉంటుంది. అదిగో, అదే. బల్ల మీద జారవిడిస్తే గజ్జె మోగినట్టు మోగుతుంది, పక్కది టక్కుమని ఊరుకుంటుంది. ఇంకా అనుమానముంటే తూచండి. వెండి క్వార్టర్ 6.25 గ్రాములు, మామూలుది 5.67.

హాఫ్ డాలర్ దగ్గర మాత్రం కన్ను మోసపోతుంది. 40 శాతం వెండివాటి అంచు మరీ తెల్లగా ఉండదు, బూడిదరంగులో మసగ్గా ఉంటుంది. అక్కడ సంవత్సరం చూడాల్సిందే. కెనడీ బొమ్మున్న 1976 హాఫ్ డాలర్ చూసి మాత్రం ఎగిరి గంతేయకండి. వెండివి కలెక్టర్ల కోసం వేరే వేశారు, చిల్లరలో తిరిగేవాటిలో వెండి లేదు.

నికెల్, అంటే ఐదు సెంట్ల నాణెం, ఇంకో తంటా. రెండో ప్రపంచయుద్ధంలో నికెల్ లోహం ఆయుధాలకు కావాల్సొచ్చి, 1942 మధ్య నుంచి 1945 దాకా ఆ నాణేల్లో 35 శాతం వెండి కలిపారు. వాటికి అంచూ, బరువూ చూసి లాభం లేదు, మామూలుదీ, వెండిదీ రెండూ 5 గ్రాములే. వెనక్కి తిప్పితే భవనం గుమ్మటం పైన ముద్రించిన టంకశాలను చెప్పే పెద్ద అక్షరం ఉంటుంది: పి, డి లేదా ఎస్. చాలావాటి ఒంటిమీద మసిబారిన గిన్నె రంగు ఉంటుంది.

పెన్నీల (ఒక సెంటు నాణేల) గురించి ఒక్క మాటే. 1982లో రాగి తీసి జింకు పెట్టారు. పాతవి 3.11 గ్రాములు, కొత్తవి 2.5. రాగికోసం కరిగిద్దామనుకోకండి, 2006 నుంచి అది నేరం.

వెండి ఒక్కటే కాదు. 2019, 2020ల్లో వెస్ట్ పాయింట్ టంకశాలలో ముద్రించి, డబ్ల్యూ అక్షరంతో కొన్ని క్వార్టర్లు నేరుగా చిల్లరలోకి వదిలారు. ఏడాదికి ఐదు డిజైన్లు, ఒక్కోటీ 20 లక్షలు. కోటి అంటే ఎక్కువనిపిస్తుంది గానీ, ఈ దేశంలో తిరిగే క్వార్టర్ల ముందు అది సముద్రంలో కాకిరెట్ట. విస్కాన్సిన్ రాష్ట్రం పేరున వేసిన 2004 క్వార్టర్, డెన్వర్ టంకశాలది దొరికితే, దాని మీది మొక్కజొన్న కండె ఎడమవైపు చూడండి. కొన్నిటికి ఒక ఆకు ఎక్కువ ఉంటుంది.

నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్తాను. నాకు మొదట దొరికిన మెర్క్యురీ డైమ్, అంటే పాతకాలపు వెండి డైమ్, నల్లగా ఉంది. మా అమ్మ ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండు పెట్టి తోమేశాను. తళతళలాడింది. ఒక కలెక్టర్‌కి చూపిస్తే భూతద్దంలో చూసి, ‘దీన్ని ఎవరండీ చంపింది?’ అన్నాడు. నలుపు పోతే పోయింది, పైచర్మం కూడా పోయింది. ఇక దానికి వెండి విలువే, వయసుకి విలువ లేదు. దయచేసి ఏదీ తోమకండి.

ఇంకో సంగతి. తెచ్చిన బ్యాంకులోనే తిరిగి వేయకండి. మీరు చూసి వదిలేసిన చిల్లరే మళ్లీ మీ ఒళ్లో పడుతుంది. టెల్లర్‌తో మర్యాదగా ఉండండి, ఇంత బరువు మోసేది వాళ్లే. చిల్లర లెక్కపెట్టే మెషీన్ కనిపిస్తే అది తిరగ్గొట్టిన నాణేల అర కూడా ఓసారి చూడండి. వెండి లక్షణం వేరు కాబట్టి చాలాసార్లు మెషీన్ దాన్ని దొంగనాణెం అనుకుని ఉమ్మేస్తుంది.

డబ్బు వస్తుందా అని అడుగుతారని తెలుసు. పెట్రోలు, టైమూ లెక్కేస్తే కొండను తవ్వి ఎలుకను పట్టడమే. వరసగా నాలుగు బాక్సులు ఉత్తచేతులతో మూసిన నెలలున్నాయి. ఐదోది ఎందుకు తెచ్చానని అడిగితే మా ఆవిడకీ జవాబు చెప్పలేకపోయాను.

వెనక బల్ల మీద పది రోల్స్ డైమ్స్ పెట్టాను. నిన్ననే తెచ్చాను, ఒట్టు, విప్పి చూడలేదు. గీత లేనిది ఎవరికి కనిపిస్తే వాళ్లదే, పది సెంట్లు నా చేతిలో పెట్టి తీసుకెళ్లండి.