పాపను ఎవరి రిటర్న్‌లో చూపించాలి?

శ్రోతలందరికీ నమస్కారం. టాక్స్ సీజన్ వచ్చిందంటే శనివారాలు నేను మా ఊరి లైబ్రరీలోనే ఉంటాను. అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ వాళ్ల వీటా అనే వాలంటీర్ల కార్యక్రమం కింద అక్కడ పన్ను రిటర్నులు ఉచితంగా వేసిపెడతాం. ఈ మధ్య అక్కడికి ఒక జంట వచ్చారు. వాళ్లు సరేనన్నారు కాబట్టి, జీతాల అంకెలు కాస్త మార్చి, ఆ సంగతి మీకు చెబుతాను.

ఇద్దరూ మన తెలుగు పిల్లలే, అమెరికాలోనే పుట్టి పెరిగినవాళ్లు. చంకలో ఏడాదిన్నర పాప. పెళ్లి చేసుకోలేదు, ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఆ మాట చెప్పేటప్పుడు అమ్మాయి గొంతు తగ్గించింది. "తగ్గించక్కర్లేదమ్మా, ఇక్కడ నేను అడిగేది పాప ఏడాదంతా ఎక్కడ ఉందనే" అన్నాను. మన ఇళ్లల్లో కూడా ఇలాంటి పిల్లలు ఉన్నారు. సిగ్గుపడి అడగకుండా ఊరుకుంటే నష్టపోయేది ఆ పసిపాపే.

అబ్బాయి ఫైలు ముందుకు తోశాడు. "పాపని నా మీద వేసేయండి అంకుల్, జీతం నాదే ఎక్కువ కదా" అన్నాడు. అమ్మాయి డబ్ల్యూ-2, అంటే ఏడాది జీతం వివరాల కాగితం, డైపర్ బ్యాగులో, పాలసీసా పక్కన మడతపెట్టి ఉంది. అడిగితే గానీ బయటికి తియ్యలేదు.

2025లో అబ్బాయి జీతం 62,000 డాలర్లు, అమ్మాయిది 26,000. అద్దె, కరెంటు, సరుకులు, ఎక్కువ భాగం అతనే కడుతున్నాడు. సరే, రెండు లెక్కలూ వేద్దాం అన్నాను.

మొదటిది, పాప అతని రిటర్న్‌లో. ఇంటి ఖర్చు సగానికి పైగా తనదే కాబట్టి హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్, అంటే ఇంటి పెద్దగా లెక్కలోకి వస్తాడు. పన్ను పడని ఆదాయం, అదే స్టాండర్డ్ డిడక్షన్, 15,750 నుంచి 23,625 అవుతుంది. బిడ్డ ఉన్నందుకు పన్నులో తగ్గించే చైల్డ్ టాక్స్ క్రెడిట్ 2,200. అన్నీ కలిపి అతనికి మిగిలేది సుమారు 3,250 డాలర్లు.

రెండోది, పాప ఆమె రిటర్న్‌లో. ఆమెకి హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ రాదు. కానీ అదే 2,200 వస్తుంది. ఆమె పన్ను 1,025 అందులోనే తీరిపోయి, మిగతా 1,175 చేతికొస్తుంది. దానిపైన, తక్కువ జీతం వాళ్లకిచ్చే ఎర్న్‌డ్ ఇన్‌కమ్ టాక్స్ క్రెడిట్ దగ్గర దగ్గర 3,900. మొత్తం 6,100. ఈ రెండో క్రెడిట్ అబ్బాయికి రాదు. ఒక బిడ్డ ఉన్న ఒంటరి ఫైలర్‌కి 50,000 దాటాక అది ఆగిపోతుంది.

3,250 ఎక్కడ, 6,100 ఎక్కడ! ఆ పాపకి ఏడాది పొడుగునా డైపర్లు, పాలు వచ్చే డబ్బు అది.

"పాపని చూపించుకునే హక్కు ఎక్కువ జీతం వాళ్లకే అని విన్నానే?" అని అబ్బాయి అడిగాడు. ఆ నియమం ఉంది, కానీ ఒకే ఇంట్లో ఏడాదంతా ఉన్న ఇద్దరూ పోటీపడి పాపని చూపించుకున్నప్పుడే అది వస్తుంది. ఇద్దరూ మాట్లాడుకుని ఒకరు వదులుకుంటే రెండోవాళ్లు నిశ్చింతగా చూపించుకోవచ్చు. "క్రెడిట్ నీకు, హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ నాకు" అని పంచుకోవడం మాత్రం కుదరదు. విడివిడిగా ఉండేవాళ్ల సంగతి వేరు. అక్కడ పాప ఎక్కువ రాత్రులు ఎవరింట్లో పడుకుందో వాళ్లదే హక్కు. రెండోవాళ్లకి వదలాలంటే 8332 ఫారం మీద సంతకం పెట్టాలి. అప్పుడు కూడా చైల్డ్ టాక్స్ క్రెడిట్ వెళ్తుంది గానీ, ఎర్న్‌డ్ ఇన్‌కమ్ క్రెడిట్ వెళ్లదు.

ఇద్దరూ చూపించేస్తే ఏమవుతుంది? ఐఆర్ఎస్ నుంచి సీపీ87ఏ అనే ఉత్తరం వస్తుంది. తప్పు ఎవరిదో తేలి, వాళ్లు రిటర్న్ సరిచేసి డబ్బు కట్టేదాకా ఇంట్లో టెన్షన్. అందుకే నా మాట వినండి. ఏప్రిల్ 15 లోపు ఇద్దరి డబ్ల్యూ-2లూ, పాప సోషల్ సెక్యూరిటీ కార్డూ ఒకే బల్ల మీద పెట్టండి. రెండు లెక్కలూ వెయ్యండి. రెండూ చూసుకున్నాకే ఫైల్ చెయ్యండి.

ఆ అబ్బాయి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి కాసేపు చూశాడు. "పాపని తన మీదే వెయ్యండి అంకుల్" అన్నాడు. అమ్మాయి సంతకం పెడుతూ, "వచ్చే ఏడూ ఇలాగేనా అంకుల్?" అని అడిగింది.

"జీతాలు మారితే మళ్లీ రెండు లెక్కలూ వెయ్యాలమ్మా" అన్నాను.