విమానం ముందు వరుసలో విస్తరి

శ్రోతలకు నమస్కారం. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాలలోని తెలుగువారి ఇళ్ళలో విమాన ప్రయాణం ఇప్పుడు వింత కాదు. పిల్లలు ఢిల్లీలోనో, పుణెలోనో, బెంగుళూరులోనో ఉద్యోగాలు చేసుకుంటూ, తల్లిదండ్రులను రమ్మని టికెట్లు పంపుతున్నారు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మనో, ఆపరేషన్ అయి కోలుకుంటున్న నాన్ననో ఒక్కసారైనా ముందు వరుసలో హాయిగా కూర్చోబెట్టాలని బిజినెస్ క్లాసు టికెట్టే కొంటున్నవారూ ఉన్నారు. నేను చాలాకాలం బరంపురంలో ప్రయాణపు టికెట్లు బుక్ చేసే పనిలో ఉన్నవాణ్ణి కనుక, భువనేశ్వర్ వెళ్ళో విశాఖపట్నం వెళ్ళో విమానం ఎక్కబోయే పెద్దలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "అంత డబ్బు పోశారు కదా బాబూ, అక్కడ ఏం పెడతారు?" ఈ రోజు ఆ ప్రశ్నకు జవాబు చెబుతాను.

ముందుగా ఆ ముందు వరుస ఎక్కడ ఉంటుందో రెండు మాటలలో చెప్పుకుందాము. దేశంలోపల తిరిగే విమానాలలో కొన్నింటిలోనే అది ఉంటుంది. ఒకప్పుడు అది ఉన్న సంస్థలలో జెట్ ఎయిర్‌వేస్ 2019లో ఆగిపోయింది. విస్తారా 2024 నవంబరులో ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. ఎయిర్ ఇండియా వారి ఎయిర్‌బస్ ఎ320 నియో విమానాలలో మూడు తరగతులున్న వాటిని చూస్తే, ముందు 8 బిజినెస్ సీట్లు, వాటి వెనుక 24 ప్రీమియం ఎకానమీ సీట్లు కనిపిస్తాయి. ఇండిగో సంస్థ కూడా 2024 నవంబరులోనే ఢిల్లీ, ముంబై నగరాల మధ్య వెడల్పు సీట్ల వరుసలను ప్రారంభించింది. ఇక మన జయపురం నుండి భువనేశ్వర్‌కు, చిన్న ఊళ్ళకు విమానాలు నడిపించే ప్రభుత్వ ఉడాన్ పథకం కింద 2022లో మొదలైన తొమ్మిది సీట్ల చిన్న విమానం సంగతి అంటారా, అందులో ముందూ లేదు, వెనుకా లేదు, వంటా లేదు. ఇంట్లో తిని ఎక్కడమే.

బిజినెస్ క్లాసులో కూర్చోగానే సాధారణంగా ఒక చల్లని పానీయం ఇస్తారు. నిమ్మరసమో, పళ్ళరసమో, మంచినీళ్ళో. చేతులు తుడుచుకోవడానికి తడి తువ్వాలు ఇస్తారు. విమానం పైకి లేచి, బెల్టు దీపం ఆరిన తరువాత, బల్ల మీద గుడ్డ పరచి, పింగాణీ గిన్నెలతో, స్టీలు చెంచాలతో ట్రే తెచ్చి పెడతారు. మద్యం గురించి కొందరు మొహమాటపడుతూ అడుగుతారు, కొందరు భయపడుతూ అడుగుతారు. ఇద్దరికీ జవాబు ఒకటే: మన దేశంలో దేశీయ విమానాలలో మద్యం వడ్డించరు, ఏ తరగతిలోనైనా సరే.

రెండు విషయాలను బట్టి ఆ ట్రేలో ఏముంటుందో చాలావరకు ముందే ఊహించవచ్చు. ఒకటి ప్రయాణ సమయం. విశాఖపట్నం నుండి హైదరాబాదుకు గంటా పావు. అందులో ఎక్కడానికీ దిగడానికీ పోగా వడ్డనకు మిగిలేది అరగంట పైచిలుకు. కాబట్టి అన్నీ ఒకే ట్రేలో, ఒకేసారి వస్తాయి. ఢిల్లీ వరకు రెండు గంటల పైన పడుతుంది కనుక అక్కడ కొంచెం నిదానంగా పెడతారు. రెండవది బయలుదేరే వేళ. పొద్దున్నే బయలుదేరితే ఫలహారం, మిట్టమధ్యాహ్నమైతే భోజనం, రాత్రయితే భోజనం; మధ్యాహ్నం మూడు దాటాక బయలుదేరే విమానాలలో మాత్రం చాలాసార్లు చిరుతిండీ తేనీరూ తప్ప అన్నం రాదు. "ముందు వరుస కదా, భోజనం పెట్టకపోతారా" అనుకుని ఉదయం నుండి కడుపు మాడ్చుకుని, నాలుగు గంటల విమానం ఎక్కి, రెండు శాండ్‌విచ్ ముక్కలు చూసి చిన్నబోయిన పెద్దలు నాకు తెలుసు. టికెట్టు తీసేటప్పుడే వేళ చూసుకోవాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఎంత ఖరీదైన సీటులో కూర్చున్నా, విమానంలో మీ ముందుకు వచ్చేది రెండోసారి వేడి చేసిన వంట. విమానంలో పొయ్యి లేదు, మంట లేదు, మూకుడు లేదు, నూనె కాగదు. వంట అంతా విమానాశ్రయం దగ్గరి పెద్ద వంటశాలలో జరుగుతుంది. తాజ్ హోటళ్ళవారూ సింగపూరుకు చెందిన సాట్స్ సంస్థవారూ కలిసి నడిపే తాజ్‌సాట్స్ అలాంటిదే. వండిన పదార్థాన్ని వెంటనే యంత్రాలలో పెట్టి అయిదు డిగ్రీల చలికి దింపుతారు, గిన్నెలలో సర్ది ఫాయిల్ మూత వేస్తారు, చల్లని బండిలో విమానానికి చేరుస్తారు. పైన ఉన్న ఓవెన్‌లో సుమారు 20 నిమిషాలు వేడి చేసి మన ముందు పెడతారు. రెండోసారి వేడి చేసిన వంట: ఈ ఒక్క మాట గుర్తుంటే ఏది కోరుకోవాలో, ఏది వద్దనాలో మీకే తెలుస్తుంది.

ఉదాహరణకు నాకెంతో ఇష్టమైన ఇడ్లీ కథ చెబుతాను. ఉదయం ఏడు గంటల ఢిల్లీ విమానంలో మన చేతికి వచ్చే ఇడ్లీ ఆ ఉదయం వాయ దించినది కాదు. చాలావరకు అంతకు ముందు రాత్రే ఆవిరి మీద ఉడికినది. ఉడికినప్పుడు దూదిలాగే ఉంటుంది. దానిని చలిలో పెట్టగానే బియ్యంలోని పిండిపదార్థం బిగుసుకోవడం మొదలుపెడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం మరునాటికి పలుకెక్కడానికి కారణం అదే. అదే చలిలో రొట్టె కూడా బయటకంటే త్వరగా గట్టిపడుతుంది. మళ్ళీ వేడి తగిలితే ఆ బిగువు కొంత సడలుతుంది, అయితే తడి ఉంటేనే సడలుతుంది. ఓవెన్ వేడి పొడి వేడి. అందుచేత ఫాయిల్ మూత తీయగానే మీరు ఇడ్లీ నడుమ వేలితో తాకి చూడండి, మెత్తగా ఉంటుంది. అంచున తాకి చూడండి, గిన్నె గోడకు ఆనుకున్న చోట చిన్న పొర కట్టి, చెంచాకు కాస్త ఎదురు తిరుగుతుంది. పక్కన చిన్న గిన్నెలో సాంబారు ఉంటుంది. చాలామంది మర్యాదగా చెంచాతో ఇడ్లీ ముక్క తుంచి, సాంబారులో అద్దుకుని తింటారు. అలా చేయవద్దని నా మనవి. ట్రే రాగానే సాంబారు మొత్తం ఇడ్లీ మీద పోసేయండి. పోసి అయిదు నిమిషాలు ఆగండి. ఈలోగా పళ్ళముక్కలు తినండి. ఆ అయిదు నిమిషాలలో ఓవెన్ తీసుకున్న తడిని సాంబారు తిరిగి ఇస్తుంది, అంచు పొర కరుగుతుంది, అప్పుడు అది ఇడ్లీ.

అదే గిన్నెలో వడ కూడా ఉంటుంది. వడ కరకరలాడాలని ఆశించకండి. మూత కింద ఆవిరిలో ఇరవై నిమిషాలు మగ్గిన వడ ఏ ఊళ్ళోనూ కరకరలాడదు. దానినీ సాంబారులో వేయండి. మన ప్రాంతంలో దహీ బరా తినని వారెవరు? నానిన వడ మనకు కొత్త కాదు. మసాలా దోశ అని జాబితాలో కనబడితే మాత్రం నేను చేతులు జోడిస్తాను. దోశ పెనం మీది నుండి పళ్ళెంలోకి వచ్చే లోపలే సగం బిగువు పోతుంది. దానిని చల్లబరచి, మడిచి, మూత వేసి, మళ్ళీ వేడి చేస్తే లోపలి బంగాళాదుంప కూర బాగుంటుంది, పైన ఉన్నది తోలులా సాగుతుంది. ఉప్మా మధ్యస్థం. గోధుమరవ్వ ఉప్మా అయితే ఫరవాలేదు, బొంబాయి రవ్వ అయితే గిన్నె ఆకారంలోనే ముద్దగా దిగుతుంది, ఆ పైన మీ అదృష్టం.

భోజనం విషయంలోనూ ఇదే సూత్రం. రెండోసారి వేడి చేస్తే ఏది బాగుంటుంది? మన గంజాం జిల్లా ఇళ్ళలో ఈ ప్రశ్న ఎవరిని అడిగినా చెబుతారు: నిన్నటి చేపల పులుసు. గోపాలపురం నుండి తెచ్చిన చేప వండిన రోజు కంటే మరునాడు ముక్కకు ఉప్పూ పులుపూ పట్టి రుచిగా ఉంటుంది; అదే చేప వేపుడు మరునాడు మళ్ళీ వేడి చేస్తే పీచు పీచుగా అవుతుంది. విమానంలో కూడా పులుసు ఉన్నది, గ్రేవీ ఉన్నది, ముద్దగా ఉన్నది కోరుకోండి. కాల్చినది, వేయించినది, కరకరలాడవలసినది వదిలేయండి. మాంసాహారులకు కోడికూర మంచిది, కాల్చిన కోడి ముక్క అంత మంచిది కాదు. శాకాహారులకు పప్పు ఎప్పుడూ మోసం చేయదు. మనవాళ్ళు చాలామంది "మళ్ళీ పనీరేనా" అని విసుక్కుంటారు. ఆ విసుగు నాకూ ఉంది. అయినా న్యాయం చెప్పాలి కదా, మెత్తని టమాటా గ్రేవీలో మునిగిన పనీరు చలినీ వేడినీ తట్టుకుని వచ్చినట్లు మన బెండకాయ వేపుడు రాలేదు. పైగా చిన్న విమానాశ్రయాలకు వచ్చే విమానాలు తిరుగు ప్రయాణపు భోజనాన్ని కూడా పెద్ద నగరంలోనే ఎక్కించుకుని రావడం ఉంది. కాబట్టి మీరు మన తీరాన ఎక్కినా, మీ పళ్ళెంలో ఢిల్లీ రుచి ఉంటే ఆశ్చర్యపోకండి.

రుచి అన్నాను కనుక ఇంకొక మాట. విమానంలో కూర చప్పగా ఉందని అందరూ వంటవాళ్ళను తిడతారు. తప్పు సగం మన నాలుకది. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ, లుఫ్తాన్సా విమానసంస్థ కోసం 2010 ప్రాంతంలో, విమానంలో ఉండే తక్కువ గాలి ఒత్తిడినీ పొడి గాలినీ నేల మీదే ఒక గదిలో సృష్టించి, మనుషులను కూర్చోబెట్టి భోజనం పెట్టి చూసింది. ఆ గదిలో ఉప్పు 20 నుండి 30 శాతం, తీపి 15 నుండి 20 శాతం తక్కువగా తెలిసిందట. పులుపు, కారం మాత్రం అంతగా తగ్గలేదు. ముక్కు ఎండిపోతే వాసన తెలియదు, వాసన తెలియకపోతే రుచి తెలియదు; జలుబు చేసినప్పుడు మనకు అనుభవమే. అందువల్ల ట్రే మూలన చిన్న పొట్లంలో వచ్చే మామిడికాయ ఊరగాయను తీసి పక్కన పెట్టకండి. బరంపురం ఊరగాయలు, అప్పడాలు తిని పెరిగిన మనకు ఆ పొట్లం ఒక లెక్కా అనిపిస్తుంది, నిజమే. కానీ ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తున పులుపూ కారమూ మాత్రమే మాట వింటాయి. బీపీ ఉన్నవారు మాత్రం ఊరగాయకు బదులు నిమ్మచెక్క అడిగి పిండుకోవచ్చు. మధ్యమధ్యన నీళ్ళు తాగుతూ ఉంటే నోరు తడిగా ఉండి రుచి కొంచెం బాగా తెలుస్తుంది. కాఫీ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. పైన గాలి ఒత్తిడి తక్కువ కనుక నీళ్ళు నూరు డిగ్రీలకు చేరకముందే మరుగుతాయి, పొడి కూడా సాధారణంగా తక్షణ కాఫీ పొడే.

చివరగా, పెద్దలకు టికెట్టు తీసే పిల్లలు చేయవలసిన పని ఒకటి ఉంది. ముందు వరుసలో ఉన్నవి ఎనిమిది సీట్లు; ఎక్కించే భోజనాలు కూడా దాదాపు లెక్క ప్రకారమే ఉంటాయి. ముందు అడిగిన నలుగురూ కోడికూర అంటే చివర అడిగినవారికి మిగిలినదే వస్తుంది. కాబట్టి ప్రత్యేక భోజనం కావలసినవారు కనీసం 24 గంటల ముందే, టికెట్టు బుక్ చేసిన చోటనే, చెప్పి పెట్టుకోవాలి. మధుమేహం ఉన్నవారికి డయాబెటిక్ మీల్ అని వేరుగా ఉంటుంది. కార్తీకమాసంలో మన తెలుగు ఇళ్ళలోనూ, మన పొరుగు ఒడియా ఇళ్ళలోనూ ఉల్లి, వెల్లుల్లి ముట్టని నియమం పాటించేవారు ఎందరో ఉన్నారు. అలాంటివారు ఊరకే శాకాహారం అని టిక్కు పెడితే చాలదు, ఆ కూరలో ఉల్లి ఉంటుంది. జైన్ మీల్ అని అడగాలి. అందులో ఉల్లి, వెల్లుల్లి, దుంపలు ఉండవు. మా ఇంటి పెద్దావిడకు కార్తీకంలో నేను ఎప్పుడూ అదే రాయిస్తాను, ఆవిడ నిశ్చింతగా తింటుంది, బంగాళాదుంప లేదని మాత్రం గొణుగుతుంది.

రాయించిన తరువాత టికెట్టు కాగితం మీద ఆ భోజనం పేరు అచ్చయిందో లేదో చూసుకోండి. విమాన సంస్థవారు వేళ మార్చినా, వేరే విమానంలోకి మార్చినా, మీరు రాయించిన భోజనం కొత్త టికెట్టులోకి దానంతట అది రాకపోవచ్చు. వేళ మారినట్లు ఫోనుకు సందేశం వచ్చిన రోజే ఇంకొకసారి ఫోను చేసి, భోజనం సంగతి మళ్ళీ చెప్పండి.

నమస్కారం.