ఈ ముఖాన్ని గాలి చెక్కింది: ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2 పుట్టుక

నమస్కారం. నా పక్కన ఉన్నది ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2, మొదటి తరం వ్యాన్. రెండు ముక్కల ముందు అద్దం, గుండ్రటి దీపాలు, వాటి మధ్య పళ్లెమంత గుర్తు. జర్మన్లు దీన్ని ముద్దుగా ‘బుల్లి’ అంటారు. మన తెలుగు బుల్లికీ ఆ మాటకూ చుట్టరికం లేదు. అయినా ఈ పేరు వినగానే నాకు మనసు నిండిపోతుంది.

ఈ బండి అనగానే చాలామందికి సముద్రతీరాలు, పూల బొమ్మలు గుర్తొస్తాయి. అవన్నీ తర్వాత వచ్చాయి. దీన్ని గీసినవాడు ఆలోచించింది బరువు గురించి.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది. జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో ఉన్న ఫోక్స్‌వ్యాగన్ కర్మాగారం బ్రిటిష్ సైన్యం అధీనంలో, మేజర్ ఐవాన్ హర్స్ట్ చేతిలో ఉంది. లోపల విడిభాగాలు మోయడానికి సరైన బండ్లు లేవు. అక్కడివాళ్లు బీటిల్ కారు చట్రం తీసుకుని, ముందు వైపు సరుకు పెట్టే బల్లను బిగించి, వెనక ఇంజను మీద డ్రైవరును కూర్చోబెట్టారు. చూడటానికి మోటుగా ఉన్నా పని జరిగిపోయేది.

నెదర్లాండ్స్‌కు చెందిన కార్ల వ్యాపారి బెన్ పాన్ దాన్ని చూసి, తన దేశంలో అమ్మాలనుకున్నాడు. డ్రైవరు ముందు కూర్చోవాల్సిందేనని అక్కడి అధికారులు ఒప్పుకోలేదు. 1947 ఏప్రిల్ 23న పాన్ తన నోటు పుస్తకంలో ఒక బొమ్మ గీశాడు. డబ్బా లాంటి ఆకారం, వెనక ఇంజను, ముందు కొసన డ్రైవరు, మధ్యలో అంతా సరుకు. చిన్న పిల్లలు గీసే బస్సు బొమ్మలా ఉంటుంది.

నేను ఆగిపోయేది ఆ బొమ్మ దగ్గరే. కావడి మోసేవాడు రెండు బుట్టలూ సరితూగేలా చూసుకుంటాడు కదా. పాన్ అలాగే ఒక కొసన డ్రైవరును, ఇంకో కొసన ఇంజనును పెట్టాడు. సరుకు ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ నడుమ పడుతుంది. అందువల్ల బండి నిండినా, ఖాళీ అయినా తూకం పెద్దగా మారదు. వెనక చక్రాల మీదే మోత పడే బండి నడిపినవాళ్లకు దీని విలువ బాగా తెలుస్తుంది.

బీటిల్ తయారీకే కర్మాగారం సరిపోక, ఆ ఆలోచన కొంతకాలం పక్కన ఉండిపోయింది. 1948లో కంపెనీ పగ్గాలు చేపట్టిన హైన్రిక్ నార్డాఫ్ దాన్ని ముందుకు తెచ్చాడు. 1949లో మొదటి నమూనాను బీటిల్ చట్రం మీదే కట్టారు. పరీక్షల్లో ఆ చట్రం బరువుకు నిలవలేదు. అప్పుడు నిచ్చెన లాంటి గట్టి చట్రం చేసి, దాన్ని పై శరీరంతో కలిపి వెల్డింగ్ చేశారు.

ఇక ఈ ముఖం సంగతి. ముందు భాగం బల్లపరుపుగా ఉన్న తొలి రూపాన్ని బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో, బలంగా గాలి వీచే పరీక్షా సొరంగంలో పెట్టి చూస్తే, గాలి నిరోధక గుణకం, అంటే గాలి బండిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె, 0.75 వచ్చింది. ముక్కును గుండ్రంగా, అద్దాలను నడుమ నుంచి ఏటవాలుగా మలిచాక అది 0.44కు దిగింది. మనం ముద్దొస్తోందనే ఈ ముఖం గాలికి దారి ఇవ్వడానికి పుట్టింది. ఈ అంకె మొదటిసారి చదివినప్పుడు బండి ముందుకు వెళ్లి ఆ వంపు మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాను.

1950 మార్చి 8న తయారీ మొదలైంది. 1131 సీసీ ఇంజను, 25 గుర్రాల శక్తి. ముప్పావు టన్ను సరుకుకు అది తక్కువే. ఎత్తుదారిలో ఓపిక కావాలి. ఎదురుగా ఏదైనా తగిలితే ముందుగా నలిగేది డ్రైవరు కాళ్లే. ఈ లోపాన్ని అభిమానంతో కప్పిపుచ్చలేను. తొలి సరుకు వ్యాన్‌లకు వెనక సరుకు తలుపు కూడా లేదు, అక్కడ ఇంజను ఉంది మరి. ఎక్కించాలన్నా దించాలన్నా పక్క తలుపులే దిక్కు.

కానీ ఆ తలుపులు తీసి చూడండి. నేల ఎంత కిందుగా ఉందో గమనించండి. బస్తా ఎత్తేవాడి నడుముకు ఎంత సాయం! ఇప్పుడు ఇంజను స్టార్ట్ చేస్తున్నాను. ముందు నిలబడినవాళ్లు వెనక్కి రండి, శబ్దం అక్కడ వినిపిస్తుంది.