పెద్ద కత్తి కొనేముందు పిడి లోపల ఏముందో చూడండి

[బల్ల మీద గోనెగుడ్డ. దాని మీద విరిగిన కత్తి: బ్లేడు ఒకవైపు, పిడి ఒకవైపు.]

నమస్కారం అండీ. ఇది నేను కొన్న మొదటి పెద్ద కత్తి. 9 అంగుళాల బ్లేడు, వెన్ను మీద రంపపు పళ్లు, పిడి చివర మూత తిప్పితే లోపల దిక్సూచి, అగ్గిపుల్లలు. చూడగానే మనసు పారేసుకున్నాను. అడవిలో రెండో రాత్రి వాన వెలిసింది. కట్టెలన్నీ తడిసిపోయాయి. లోపలి పొడి చెక్క తీద్దామని కత్తిని కట్టె తల మీద ఆనించి, వెన్ను మీద దుడ్డుకర్రతో కొట్టాను. నాలుగో దెబ్బకి బ్లేడు కట్టెలోనే ఉండిపోయింది, పిడి నా చేతిలో మిగిలింది. దిక్సూచి మాత్రం భద్రంగానే ఉంది!

[క్లోజప్: విరిగిన చోటు. పెన్సిల్ మొనతో చూపించాలి.]

ఇక్కడ చూడండి. ఇంత వెడల్పు బ్లేడు, పిడిలోకి దిగేచోట ఒక్కసారిగా చిటికెన వేలంత సన్నబడిపోయింది. అసలు తప్పు సన్నబడటం కాదు. ఆ మూల చూడండి, గోడ మూలలా లంబకోణంలో కోసేశారు. దెబ్బ పడ్డప్పుడల్లా బలమంతా వచ్చి ఆ మూలలోనే పేరుకుంటుంది. ఈ నల్లమరక ఉందే, అది పాత బీట. లోపల తడి చేరి తుప్పు పట్టింది. పక్కన మెరుస్తున్నది మాత్రమే ఆ రాత్రి విరిగిన భాగం. అంటే ఈ కత్తి ఎప్పుడో సగం విరిగిపోయింది, నాకే తెలియలేదు.

పిడి లోపలికి దిగే ఈ ఉక్కును ట్యాంగ్ అంటారు. బ్లేడు, ట్యాంగ్ ఒకే ఉక్కు ముక్కగా ఉండి, పిడి ఆకారం మొత్తాన్నీ నింపుకుని చివరిదాకా వస్తే అది ఫుల్ ట్యాంగ్. పక్కనుంచి చూస్తే పిడి రెండు చెక్కల మధ్య ఇనుప పట్టీ కనిపిస్తుంది. కట్టెలు చీల్చే ఉద్దేశం ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని ఇదే తీసుకోవచ్చు.

అయితే సన్నటి ట్యాంగ్ అంటే నాసిరకం అనేయకండి. 1942లో అమెరికా మెరైన్ దళం తీసుకున్న కా-బార్ కత్తినే చూడండి. 7 అంగుళాల బ్లేడు, తోలు బిళ్లలు వరసగా గుచ్చి చేసిన పిడి. ఆ బిళ్లల మధ్యనుంచి వెళ్లే ట్యాంగ్ సన్నటిదే. కానీ పిడి చివరిదాకా వెళ్లి అక్కడ గట్టిగా బిగుసుకుంటుంది. కాబట్టి అడగాల్సినవి రెండు: ట్యాంగ్ ఎందాకా వెళ్లింది? బ్లేడును కలిసే మూలలు గుండ్రంగా తిప్పారా, చదరంగా కోశారా? పిడి డొల్లగా ఉండి లోపల సామాన్లు పెట్టుకోమంటే, అక్కడ ట్యాంగ్ చివరిదాకా వెళ్లడానికి చోటే లేదని అర్థం. అది బల్ల మీద పెట్టుకుని చూసుకోవడానికి బాగుంటుంది.

[కట్. మూడు కత్తులు పక్కపక్కన: 4, 6, 9 అంగుళాలు.]

ఇప్పుడు సైజు. క్యాంపింగ్‌కీ వేటకీ కలిపి ఒకే పెద్ద కత్తి చెప్పమని చాలామంది అడుగుతారు. ఇక్కడే చిక్కు. క్యాంపులో కత్తికి పని కట్టెతో, వేటలో పని తోలుతో, మాంసంతో. ఈ రెండూ ఒకదానికొకటి పొసగని పనులు.

కట్టె నరకాలన్నా చీల్చాలన్నా బరువు కావాలి, పొడవు కావాలి. చీల్చేటప్పుడు మొన కట్టెకి అవతల కనీసం రెండు అంగుళాలు బయటికి రావాలి, లేకపోతే కర్రతో కొట్టడానికి చోటుండదు. నాలుగు అంగుళాల మందం కట్టెకి ఆరున్నర, ఏడు అంగుళాల బ్లేడు అవసరం అందుకే.

జంతువు పొట్ట తెరిచేటప్పుడు కథ తిరగబడుతుంది. తోలు కింద, చూపు ఆనని చోట పని. చూపుడువేలు బ్లేడు వెన్ను మీద పెట్టి, మొన ఎక్కడుందో వేలితోనే పోల్చుకుంటూ కోస్తాం. 9 అంగుళాల కత్తి పట్టుకుంటే మొన వేలికి అందనంత దూరంలో ఉంటుంది. అది పేగుకి తగిలిందంటే మాంసం పాడవుతుంది. లోపలున్న రెండో చేతికి తగిలిందంటే, ఆసుపత్రి ఎంత దూరంలో ఉందో అప్పుడు లెక్కపెట్టుకోవాలి. ఈ పనికి మూడు నుంచి నాలుగు అంగుళాల బ్లేడు చాలు, పెద్ద జంతువైనా సరే.

ఉత్తర ఐరోపాలో రెయిన్‌డీర్లు కాచుకునే సామీ జనం ఈ చిక్కును ఎప్పుడో విప్పుకున్నారు. వాళ్ల దగ్గర పెద్ద కత్తి ఒకటి ఉంటుంది, ఫిన్నిష్‌లో దాన్ని లెయుకు అంటారు. బర్చ్ కొమ్మలు నరకడానికి, కట్టె చీల్చడానికి అది. దానితో పాటు సన్నపనికి చిన్న కత్తి ఇంకొకటి. నా ఓటు కూడా జంటకే. పెద్దది కట్టెకి కొనండి, వేటకి చిన్నది విడిగా పెట్టుకోండి. రెండో కత్తి మోయలేనంత బరువేం కాదు.

లేదండీ, ఒక్కటే మోస్తానంటారా? అయితే ఐదు నుంచి ఆరు అంగుళాల మధ్య ఆగండి. రెండు పనులూ సగం సగమే చేస్తుందని ముందే ఒప్పుకుని కొనండి.

[బ్లేడు మీద అక్షరాలు చదివేలా క్లోజప్.]

ఉక్కు సంగతి. దీని మీద గంటలు గంటలు మాట్లాడేవాళ్లున్నారు, నేను త్వరగా ముగిస్తాను. బ్లేడు మీద 1095 అని ఉంటే చివరి రెండు అంకెలు కార్బన్‌ని చెబుతాయి, సుమారు 0.95 శాతం. 5160 అంటే 0.60 శాతం. లారీల కింద ఉండే కమాను పట్టీలకి వాడే ఉక్కు అది. దెబ్బకి వంగి మళ్లీ నిటారుగా నిలుస్తుంది, అందుకే నరికే కత్తులకి బాగుంటుంది. ఈ రెండూ తుప్పు పడతాయి. రాత్రి తడిగా వదిలేస్తే పొద్దున్నకి నారింజరంగు చుక్కలు కనిపిస్తాయి.

స్టెయిన్‌లెస్ అనిపించుకోవాలంటే ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి. వాననీళ్లు, నెత్తురు ఎక్కువగా తగిలే చోట అది సుఖం. డీ2 అనే ఉక్కులో సుమారు 12 శాతం క్రోమియం ఉన్నా తుప్పు పడుతుంది. ఎందుకంటే చాలా క్రోమియం కార్బన్‌తో కలిసిపోయి గట్టి రేణువులుగా మారిపోతుంది, తుప్పుని ఆపడానికి మిగిలేది తక్కువ. పెద్ద కత్తికి దాన్ని నేను తీసుకోను. పదును చాలాకాలం నిలుస్తుంది గానీ, గట్టి ముడి మీద కొడితే అంచు పెచ్చులూడే భయం ఉంటుంది.

గట్టిదనాన్ని రాక్‌వెల్ అంకెల్లో చెబుతారు. పెద్ద కత్తికి 56 నుంచి 58 చాలు. చిన్న కత్తికి 60 మంచిదే, నరికే కత్తికి అదే 60 పెళుసుదనం కావచ్చు. 440 అనేది ఒక స్టెయిన్‌లెస్ ఉక్కు. బ్లేడు మీద ఉత్త 440 అని రాసుంటే ఒక్క క్షణం ఆగండి. అందులో ఏ, బీ, సీ అని రకాలున్నాయి, మూడింట్లో కార్బన్ వేరు, సీలో అన్నిటికన్నా ఎక్కువ. తయారీదారు అక్షరం దాచాడంటే ఆ అక్షరం సీ కాదనే నేననుకుంటాను.

[క్యారెట్, రెండు కత్తులు. టాప్ షాట్.]

ఇక మందం. ఈ కత్తి వెన్ను 6 మిల్లీమీటర్లు. క్యారెట్ కోస్తున్నా, వినండి.

[టక్ అనే చప్పుడు. క్యారెట్ పగిలి ముక్క ఎగురుతుంది.]

కోయలేదు, పగలగొట్టింది. పదును లేక కాదు, ఇప్పుడే వెంట్రుకలు గీసి చూశాను. అంచు వెనక ఉక్కు లావుగా ఉండి ముక్కలని రెండువైపులకీ తోసేస్తోంది, అంతే. కట్టె చీల్చేటప్పుడు మనకి కావాల్సింది సరిగ్గా ఆ తోపే. ఇప్పుడు 3 మిల్లీమీటర్ల కత్తి.

[చప్పుడు లేకుండా ముక్క పడుతుంది.]

4 నుంచి 5 మిల్లీమీటర్ల వెన్ను, అక్కడినుంచి అంచుదాకా సమంగా వాలుతూ వచ్చిన బ్లేడు అయితే పెద్ద కత్తిలో నాకు నచ్చే రాజీ. వెన్ను మీద రంపపు పళ్లు మాత్రం వద్దు. వాటితో కట్టె కోయడం అయ్యే పని కాదు, పైగా వెన్ను మీద కర్రతో కొడుతుంటే కర్రనే కొరికేస్తాయి. పిడి దగ్గర అంచుకి పెట్టే పళ్లు కూడా అంతే. పేళ్లు చెక్కడానికి బలం ఎక్కువ అందే చోటు అది, దాన్ని పళ్లకి ఇచ్చేస్తే ఎలా?

[చేతిలో కత్తి. తడి చేత్తో పట్టుకోవాలి.]

కొట్లో కత్తి చేతికిస్తే అందరూ బ్లేడు చూస్తారు. మీరు పిడి గట్టిగా పట్టుకుని రెండు నిమిషాలు అలాగే ఉండండి. ఎక్కడైనా అంచు గుచ్చుకుంటుంటే, అడవిలో అరగంట నరికాక అక్కడే బొబ్బ లేస్తుంది. వేళ్లకోసం లోతైన గాళ్లు తీసిన పిడి అందంగా ఉంటుంది గానీ, ఆ గాళ్లు మీ వేళ్ల కొలత కాదు. చేతొడుగు వేసుకుంటే అసలే కుదరదు. కత్తిని వేలి మీద నిలబెట్టి చూడండి. తూకం పిడికి ముందు, బ్లేడు వైపు ఉంటే నరకడానికి హాయి. సరిగ్గా చూపుడువేలి దగ్గరుంటే సన్నపనికి హాయి. నున్నగా మెరిసే పిడి కన్నా కాస్త గరుకుగా ఉన్న మైకార్టా (గుడ్డ పొరలని రెసిన్‌తో అతికించి చేసేది) తడిలో జారదు. వేటలో చేయి తడిసేది నీళ్లతో మాత్రమే కాదు కదా.

కొత్త కత్తితో మొదటిసారి నరికేటప్పుడు మోకాళ్ల మీద కూర్చుని, కట్టెని ఒక మొద్దు మీద పెట్టి కొట్టండి. దెబ్బ తప్పితే కత్తి మొద్దులో దిగాలి, కాలిలో కాదు. చేయి చాచి చుట్టూ తిప్పితే ఎంత మేర వస్తుందో అంతలో ఇంకెవరూ ఉండకూడదు. ఎంత పొడవు కత్తి వెంట ఉంచుకోవచ్చు, ఎక్కడ వేటాడవచ్చు అన్నది మీరుండే చోటి చట్టం చూసుకోండి. ఒక్కో దేశానిది ఒక్కో లెక్క.

[రెండు ఒరలు: తోలుది, ప్లాస్టిక్‌ది.]

చివరిగా ఒర. తోలు ఒర చప్పుడు చేయదు, వేటగాళ్లు అందుకే ఇష్టపడతారు. కానీ తడిని పీల్చుకుని అట్టే పెట్టుకుంటుంది. ఇంటికొచ్చాక కత్తిని అందులోనే వదిలేయకండి. తుడిచి, నూనె చేయి రాసి, విడిగా పెట్టండి. కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్ ఒర నీళ్లు పీల్చదు. ఇసుక దూరితే మాత్రం తీసిన ప్రతిసారీ బ్లేడు మీద గీతలు పడతాయి.

కొనేముందు ఒరకి ఒక పరీక్ష. కత్తి లోపల పెట్టండి, బకిల్ పెట్టకుండా, మెత్తటి పరుపు మీద, కాళ్లు దూరంగా ఉంచి ఇలా తలకిందులు చేసి ఊపండి.

[ఊపుతారు. కత్తి జారి పరుపు మీద పడుతుంది.]

ఈ ఒర మార్చాలి.